నిలబడ్డ గంట ఎవరి ఖాతాలోకి?



మన సభ్యులలో లారీ తోలేవారున్నారు, కుట్టుపనివారున్నారు, ఇంట్లో బీడీలు చుట్టే తల్లులున్నారు. కూలి రేట్ల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాము. పని కోసం కాచుకుని కూర్చున్న గంటల సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. ఈరోజు అదే మనవి చేస్తాము.

కాచుకోవటం అంతా ఒకటి కాదు. తోళ్ళ పనిలో తోలు సున్నపు గుంటలో రోజుల తరబడి నానాలి. తునికాకు తడిపి గోనెలో చుట్టి ఉంచితేగాని కత్తెరకు లొంగదు. మన పెళ్ళిళ్ళలో వంటాయన డేగిసా మూతకు పిండి పెట్టి, దమ్ మీద ఉంచి పక్కన కూర్చుంటాడు. ఊరికే కూర్చున్నాడని ఎవరైనా అంటారా? ఆ కూర్చోవటమే పని. తొందరపడి మూత తీస్తే పెళ్ళివారి సంగతి చెప్పనక్కరలేదు!

రెండో రకం ఇతరుల ఆలస్యం వల్ల వచ్చేది. దీనికి కొన్ని చోట్ల ధర కట్టారు. రేవులో ఓడ ఒప్పుకున్న గడువు దాటి నిలబడిపోతే ఓడ యజమానికి రోజుకింత అని డెమరేజి ఇవ్వాలి. రైలు వ్యాగను గడువులోగా ఖాళీ చేయకపోతే గంటల లెక్కన రైల్వేకు కట్టాలి. ఆటో మీటరులో సైతం వెయిటింగు చార్జీ ఉంది. ఇనుము నిలబడితే డబ్బు వస్తుంది గదా, మరి మనిషి నిలబడితే?

మిర్చి రోజుల్లో గుంటూరు యార్డు దగ్గర లారీల వరుస చూసినవారికి తెలుసు. హాల్టింగు డబ్బు వచ్చినా అది సాధారణంగా లారీ యజమానికే; డ్రైవరుకు బత్తా, అదీ ఇస్తే. క్లీనరు కుర్రవాణ్ణి అడిగేవారే లేరు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం కూడా టెర్మినలు దగ్గర ఊరికే హాజరుగా ఉన్న సమయం 15 నిమిషాల లోపు ఉంటేనే పనిగంటలలో చేర్చింది. అంతకు మించితే విశ్రాంతి అనుకున్నారో ఏమో! ఎండలో, బండి వదిలి పోలేక, అదేం విశ్రాంతి?

బీడీల పనిలో కూలి వెయ్యికి ఇంత అని లెక్క. ఆకు, తంబాకు కోసం నిలబడ్డ పొద్దు, చుట్టినవి లెక్కచూపి అప్పగించేదాకా నిలబడ్డ పొద్దు ఆ వెయ్యిలో ఎక్కడా కనిపించవు. ఆకు రాని రోజున పనీ లేదు, కూలీ లేదు.

కూలి జాప్యం చేయవద్దన్న ప్రవక్తగారి (స) ఆదేశం మనం ప్రతి సభలో చెప్పుకుంటాము. అయితే గత రంజానుకు ముందు మన ఆఫీసు వరండాలో జరిగింది కూడా చెప్పాలి. సహాయం తీసుకోవటానికి వితంతువులను పది గంటలకు రమ్మన్నాము. పదికే వచ్చారు. సంతకాలు పెట్టవలసిన మేము జొహర్ నమాజు అయ్యాక వచ్చాము. అందులో ఒకామె ఆ పూట బీడీలు మానుకుని వచ్చిందని తర్వాత తెలిసింది. ఆమె ఒక్క మాట అనలేదు. "పరవాలేదు భాయ్‌సాబ్" అని డబ్బు కొంగున ముడివేసుకుని వెళ్ళిపోయింది. మేము ఇచ్చినదాంట్లో ఆమె పోగొట్టుకున్న కూలి ఎంతో ఆనాడు మాలో ఎవరికీ తోచలేదు.

కనుక కార్యవర్గం వారికి ఒక మనవి. ఈసారి చీటీ మీద తేదీతోపాటు గంట కూడా రాయండి. సంతకాలన్నీ ముందురోజు రాత్రే పూర్తి కావాలి, మావి కూడా. ఆ వరండాలో ఉన్నది ఒక్కటే బల్ల. ఇంకో రెండు చేయించండి. ఖర్చు ఎక్కడిదంటారా, ఈ సభకు తెచ్చిన పూలదండల పద్దు ఒకసారి చూడండి.