అలెగ్జాండర్‌కి చెమటలు పట్టించిన కిరాయి కమాండర్ | రోడ్స్ మెమ్నన్ కథ

అలెగ్జాండర్ మీద ఎపిసోడ్ చెయ్యమని చాలామంది అడుగుతున్నారు. సరే, చేద్దాం. కానీ ఆయన గుర్రం, ఆయన కత్తి, ఆయన వీరత్వం ఇవన్నీ మీరు సినిమాల్లో చూసేశారు. అందుకే ఈరోజు అవతలి గట్టు మీద నిలబడి చూద్దాం. అవతల అంటే పర్షియా. విచిత్రం ఏంటంటే, పర్షియా తరఫున అలెగ్జాండర్‌ని నిజంగా ఇబ్బంది పెట్టిన మనిషి పర్షియన్ కాదు, గ్రీకు. పేరు మెమ్నన్. ఊరు రోడ్స్ ద్వీపం. ఉద్యోగం కిరాయి సేనాని.

గ్రీకు అయ్యుండి పర్షియాకి పనిచేశాడంటే ద్రోహి కదా అని మీకు వెంటనే అనిపిస్తుంది. నాక్కూడా అలాగే అనిపించింది. కానీ ఆ రోజుల్లో అది మామూలు సంగతి. క్రీ.పూ. 404లో ఏథెన్స్‌కీ స్పార్టాకీ మధ్య పెద్ద యుద్ధం ముగిసింది. యుద్ధం తప్ప ఇంకో పని రాని కుర్రాళ్ళు వేలల్లో మిగిలారు. సొంత ఊళ్ళ నుంచి వెళ్ళగొట్టబడినవాళ్ళు ఇంకొన్ని వేల మంది. పక్కనే పర్షియా, అక్కడ బంగారం. మూడేళ్ళు తిరక్కుండానే, క్రీ.పూ. 401లో, చిన్న సైరస్ అనే పర్షియా యువరాజు అన్న సింహాసనం లాక్కోవడానికి పదివేల మందికి పైగా గ్రీకుల్ని కిరాయికి పెట్టుకున్నాడు. వాళ్ళతో వెళ్ళిన జెనోఫన్ అనే ఆయన ఆ కథంతా తర్వాత పుస్తకంగా రాశాడు. జీతం నెలకి ఒక డారిక్, అంటే ఒక బంగారు నాణెం. మేము రాజు మీదకి రాము అని దారిలో మొరాయిస్తే ఒకటిన్నర చేశాడు. హైక్ అన్నమాట. అదే పుస్తకంలో ఇంకో రాజు ఇస్తానన్న రేటు కూడా ఉంది. మామూలు సైనికుడికి ఒకటైతే కెప్టెన్‌కి రెండు, సేనానికి నాలుగు. ఇప్పటి కంపెనీల్లో పైవాళ్ళకీ కిందవాళ్ళకీ ఉన్న తేడా చూస్తే, పాపం, వాళ్ళు చాలా న్యాయంగా ఉన్నట్టే.

మెమ్నన్‌కి మెంటర్ అని ఒక అన్న. ఇద్దరూ పర్షియాలో అర్తబజస్ అనే గవర్నర్ దగ్గర చేరారు. ఆయన వీళ్ళ తోబుట్టువుని పెళ్ళి చేసుకున్నాడు, అంటే వరసకి బావ. ఆ బావ కూతురు బార్సైన్‌ని మెంటర్ పెళ్ళి చేసుకున్నాడు. మెంటర్ చనిపోయాక మెమ్నన్ చేసుకున్నాడు. కాబట్టి బావే మామ కూడా. చుట్టరికాల వరసలు మనకి కొత్తేం కాదు కాబట్టి మీకు అర్థమయ్యే ఉంటుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఇదీ: మెమ్నన్ జీతం తీసుకుని వెళ్ళిపోయే రకం కాదు. ఇల్లు, భార్య, పిల్లలు, భూములు, అన్నీ పర్షియాలోనే.

కానీ రికార్డు మాత్రం అంత క్లీన్‌గా లేదు. అర్తబజస్ ఒకసారి పర్షియా చక్రవర్తి మీద తిరగబడ్డాడు, ఓడిపోయాడు. మెమ్నన్ బావతో పాటు పారిపోయి ఎక్కడ తలదాచుకున్నాడో తెలుసా? మాసిడోనియాలో, అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్ దగ్గర. మెంటర్ ఈజిప్టుకి వెళ్ళి పర్షియాకి శత్రువైన అక్కడి రాజు దగ్గర పనికి కుదిరాడు. ఆ రాజు 4,000 మంది కిరాయి సైనికుల్నిచ్చి సైడన్ నగరానికి సాయంగా పంపిస్తే, మెంటర్ అక్కడి రాజుతో కలిసి ఆ నగరాన్నే పర్షియా చేతిలో పెట్టేశాడు. ఊరంతా కాలి బూడిదైంది. మెంటర్‌కి మాత్రం ప్రమోషన్. ఆ పలుకుబడితోనే తమ్ముడికీ బావకీ క్షమాభిక్ష ఇప్పించి వెనక్కి రప్పించాడు. ఈ హిస్టరీ అంతా పర్షియన్ ఆఫీసర్లకి తెలుసు. ఇది పక్కన పెట్టుకోండి, ఇప్పుడే పనికొస్తుంది.

క్రీ.పూ. 334. అలెగ్జాండర్ సముద్రం దాటి ఇప్పటి టర్కీలో దిగాడు. వయసు ఇరవై రెండు కూడా నిండలేదు. చేతిలో డబ్బు లేదు. 70 టాలెంట్లే ఉన్నాయని, తిండి నెల రోజులకే ఉందని, పైగా అప్పులని ప్లూటార్క్ పాత రచయితల పేర్లు చెప్పి మరీ రాశాడు. జెలియా అనే ఊళ్ళో పర్షియన్ గవర్నర్లు మీటింగ్ పెట్టుకున్నారు. మెమ్నన్ కూడా కూర్చున్నాడు. ఆయన చెప్పింది సింపుల్. వాళ్ళ కాలిబలం మనకంటే గట్టిది, వాళ్ళ రాజు వాళ్ళతోనే ఉన్నాడు, మన రాజు ఇక్కడ లేడు, కాబట్టి యుద్ధం వద్దు. వెనక్కి జరుగుదాం. జరుగుతూ పంటలు తగలబెడదాం, గడ్డి తొక్కించేద్దాం, అవసరమైతే ఊళ్ళు కూడా వదలొద్దు. నెల తిరిగేసరికి వాడికి తినడానికేం ఉండదు.

ఆ ప్రాంతం గవర్నర్ పేరు ఆర్సైట్స్. నా జనం ఇల్లు ఒక్కటి కూడా కాలనివ్వను అన్నాడు. మిగతావాళ్ళు ఆయన వైపే నిలబడ్డారు. ఎందుకంటే వాళ్ళకి మెమ్నన్ మీద అనుమానం. యుద్ధాన్ని కావాలనే సాగదీస్తున్నాడు, ఎంత సాగితే వీడికి రాజు దగ్గర అంత గౌరవం అని. ఇది అరియన్ రాశాడు. ఆయన ఈ సంఘటనలకి నాలుగువందల ఏళ్ళ తర్వాతవాడు, కానీ అలెగ్జాండర్‌తో ఉన్నవాళ్ళు రాసిన పుస్తకాలు ముందు పెట్టుకుని రాశాడు.

ఇక్కడ ఒక్క నిమిషం నా సోది వినండి. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు రెండేళ్ళు ఒక క్లయింట్ ఆఫీసులో కాంట్రాక్ట్ మీద పనిచేశాను. మా ఐడీ కార్డు తాడు రంగే వేరు. ఒక రిలీజ్‌కి ముందు మీటింగ్‌లో, ఈ వారం వద్దండీ, డేటాబేస్ మార్పు టెస్ట్ అవ్వలేదు అని చెప్పాను. ఒకాయన నవ్వి, గంటల లెక్కన బిల్లు కదా, వీళ్ళకి లేటైతేనే లాభం అన్నాడు. రిలీజ్ చేశారు. ఆ రాత్రంతా ఎలా గడిచిందో చెప్పక్కర్లేదు. జెలియా మీటింగ్ గురించి చదివినప్పుడు నాకు ఆ నవ్వే గుర్తొచ్చింది.

అయితే ఆర్సైట్స్‌ని విలన్ చెయ్యడం నాకిష్టం లేదు. ఆ పొలాలు ఆయన్ని నమ్ముకున్న రైతులవి. రాజు తరఫున ఆ జిల్లాలు కాపాడమనే కదా ఆయన్ని అక్కడ కూర్చోబెట్టింది? పైగా మెమ్నన్ ఎవరు? ఒకసారి రాజు మీద తిరగబడి, శత్రువు ఇంట్లో అన్నం తిని, అన్న పుణ్యమా అని తిరిగొచ్చినవాడు. ఆ గదిలో మీరుంటే మీకూ డౌట్ వచ్చేది. సలహా సరైనదే, చెప్పిన మనిషి మీద నమ్మకం లేదు. అసలు చిక్కు అదే.

తర్వాత జరిగింది గ్రానికస్ యుద్ధం. పర్షియన్లు గుర్రపు దళాన్ని నది ఒడ్డున పెట్టి, గ్రీకు కిరాయి సైనికుల్ని వెనకాల నిలబెట్టారు. తమ దగ్గరున్న గట్టి కాలిబలాన్ని వెనక ఉంచి చూస్తూ ఉండమన్నారు, ఊహించుకోండి. మెమ్నన్ మాత్రం కొడుకులతో సహా ముందు వరసలో నిలబడి కొట్లాడాడు. గుర్రపు దళం చెదిరి పారిపోయింది. కిరాయి సైనికులు అక్కడే మిగిలిపోయారు. దయ చూపమని అడిగారని ప్లూటార్క్ రాశాడు. అలెగ్జాండర్ ఒప్పుకోలేదు. చుట్టుముట్టి నరికించాడు. అరియన్ వీళ్ళు దాదాపు 20,000 మంది అంటాడు, అంతమంది ఉండరని ఇప్పటి చరిత్రకారులు చాలామంది అంటారు. ప్రాణాలతో దొరికిన 2,000 మందికి సంకెళ్ళేసి మాసిడోనియాకి వెట్టిచాకిరీకి పంపాడు. నేరం, గ్రీకులై ఉండి గ్రీకుల మీద కత్తి ఎత్తడం. ఆర్సైట్స్ తప్పించుకున్నాడు గానీ, ఓటమికి కారణం తనేనని అందరూ అనడంతో ఆత్మహత్య చేసుకున్నాడు.

అలెగ్జాండర్‌కి మాత్రం మెమ్నన్ విలువ తెలుసు. పాలియేనస్ ఒక చిన్న కథ చెప్తాడు. దారిలో దొరికిందల్లా దోచుకుంటున్న తన సైనికుల్ని, మెమ్నన్ భూములు మాత్రం ముట్టుకోవద్దు అన్నాడట. ఎందుకు? అది చూసి పర్షియన్లు మెమ్నన్‌ని ఇంకా అనుమానించాలని. ఎంత తెలివో చూడండి. ఒక్క బాణం వెయ్యక్కర్లేదు, ఉన్న అనుమానానికి కాస్త నీళ్ళు పోస్తే చాలు.

దానికి మెమ్నన్ ఏం చేశాడంటే, భార్యనీ పిల్లల్నీ చక్రవర్తి మూడో డరయస్ దగ్గరికి పంపేశాడు. వాళ్ళకి భద్రత, రాజుకి హామీ. నా కుటుంబం నీ చేతుల్లో ఉంది, ఇప్పుడైనా నన్ను నమ్ము అని. డయోడోరస్ దీన్ని ఒకటి రెండు వాక్యాల్లో చెప్పేసి ముందుకెళ్ళిపోతాడు. నేను మాత్రం అక్కడే చాలాసేపు ఆగిపోయాను. నేను మీవాడినే అని చూపించడానికి పెళ్ళాం పిల్లల్ని తాకట్టు పెట్టాల్సి వచ్చింది. పని మాత్రం అయింది. తీరమంతా మెమ్నన్ మాటే వినాలని డరయస్ ఆర్డర్ వేశాడు.

ఇక చూడండి. హాలికర్నాసస్, అంటే ఇప్పటి బోడ్రమ్. అక్కడ గోడ పట్టుకుని అలెగ్జాండర్‌ని బాగా సతాయించాడు. రాత్రిపూట బయటికొచ్చి ముట్టడి యంత్రాలకి నిప్పంటించారు. చివరికి ఊరు నిలవదని తెలిశాక దానికీ నిప్పు పెట్టి, మనుషుల్ని కోటల్లోకి మార్చాడు. ఈలోపు అలెగ్జాండర్ ఖర్చు భరించలేక తన నౌకాదళాన్ని చాలావరకు రద్దు చేసేశాడు. సముద్రం ఖాళీ. మెమ్నన్ 300 ఓడలతో ద్వీపాల మీద పడ్డాడు. కియోస్ దొరికింది, లెస్బోస్‌లో మిటిలీనీ తప్ప మిగతా ఊళ్ళు లొంగాయి. గ్రీసులో అలెగ్జాండర్ అంటే పడనివాళ్ళకి డబ్బు వెళ్తోంది. అలెగ్జాండర్ ఆసియా లోపలికి వెళ్తున్నాడు, వెనకాల ఇల్లు అంటుకోబోతోంది. ఇది నడిచుంటే ఏమయ్యేదో ఎవరికి తెలుసు.

క్రీ.పూ. 333లో మిటిలీనీ ముట్టడి మధ్యలో మెమ్నన్ జబ్బుచేసి చనిపోయాడు. అంతే. కత్తిపోటు లేదు, కుట్ర లేదు. పర్షియా రాజుకి దీన్ని మించిన నష్టం ఆ రోజుల్లో ఇంకోటి లేదని అరియన్ తీర్పు.

డరయస్ మళ్ళీ మీటింగ్ పెట్టాడు. ఈసారి లేచినవాడు ఖారిడెమస్, ఏథెన్స్ నుంచి వచ్చిన ముసలి కిరాయి సేనాని. రాజ్యాన్ని పణంగా పెట్టి మీరు స్వయంగా రావొద్దు, లక్ష మందినివ్వండి, అందులో మూడో వంతు గ్రీకులైతే చాలు, నేను చూసుకుంటా అన్నాడు. రాజు మెత్తబడ్డాడు. దర్బారువాళ్ళు ఒప్పుకోలేదు, వీడు మనల్ని మాసిడోనియాకి అమ్మేస్తాడన్నారు. ముసలాయనకి కోపం ఆగలేదు. మీ పర్షియన్లలో మగతనం లేదన్నట్టు ఏదో అనేశాడు. డరయస్ లేచి ఆయన నడుం పట్టీ పట్టుకున్నాడు. వాళ్ళ పద్ధతిలో దానర్థం మరణశిక్ష. తర్వాత బాధపడ్డాడట. అప్పటికి తల లేదు. ద్వీపాల దగ్గరున్న కిరాయి సైనికుల్ని కూడా డరయస్ వెనక్కి పిలిపించుకున్నాడు, మెమ్నన్ ప్లాన్ అక్కడితో ఆగిపోయింది. అదే ఏడాది ఇస్సస్‌లో ఆ గ్రీకులే అలెగ్జాండర్ ఫాలాంక్స్‌లో సందు దొరకబుచ్చుకుని మధ్యలో గట్టిగా కొట్టారు. కానీ రాజు రథం వెనక్కి తిరిగింది.

లాస్ట్ సీన్. క్రీ.పూ. 330, ఇరాన్ కొండలు. అన్నీ పోగొట్టుకున్న డరయస్ తూర్పుకి పారిపోతున్నాడు. ఇంకా వెంట ఉన్నవాళ్ళలో దాదాపు రెండు వేల మంది గ్రీకు కిరాయి సైనికులున్నారు, వాళ్ళ సేనాని పేరు పాట్రన్. మెమ్నన్ బావ అర్తబజస్ కూడా ఉన్నాడు, బాగా ముసలివాడు. రాజు బంధువు, బాక్ట్రియా గవర్నర్ బెస్సస్ ఏదో ప్లాన్ చేస్తున్నాడని పాట్రన్ పసిగట్టాడు. రాజు పక్కకి గుర్రం పోనిచ్చి గ్రీకులోనే చెప్పాడు, ఈ రాత్రికి మీ గుడారం మా మధ్యలో వేయించుకోండి అని. డరయస్‌కి గ్రీకు వచ్చు, పక్కనే ఉన్న బెస్సస్‌కి రాదు. ఇది కర్టియస్ అనే రోమన్ రాసిన వివరం. రాజు వద్దన్నాడు. ఏది జరిగినా నా వాళ్ళ మధ్యే జరగనీ అన్నట్టు జవాబిచ్చాడట. ఆ వాళ్ళే ఆయన్ని బంధించారు, కొన్నాళ్ళకి పొడిచి దారిలో వదిలేశారు.

గ్రీకులూ అర్తబజస్సూ బెస్సస్‌తో కలవలేదు, విడిపోయి కొండల్లోకి వెళ్ళిపోయారు. తర్వాత 1,500 మంది అలెగ్జాండర్‌కి లొంగిపోయారు. గ్రానికస్ గుర్తుంది కదా, వీళ్ళకీ అదే గతి అనుకుంటాం. కానీ ఈసారి అలెగ్జాండర్ లెక్క వేరు. మాసిడోనియాతో గ్రీకుల ఒప్పందం కుదరకముందే పర్షియాలో చేరినవాళ్ళని ఇంటికి పంపేశాడు. మిగిలినవాళ్ళని తన సైన్యంలోకి తీసుకున్నాడు, డరయస్ ఇచ్చిన జీతానికే.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఇందాక చెప్పిన జెనోఫన్ పదివేల మంది కథ. ముఖ్యమైన సేనానుల్ని ఒకే రోజు పోగొట్టుకుని ఇంటికి నడిచొచ్చిన సైన్యం. అప్పటిదాకా ఉంటాను.