గుమ్మం దాకా వెళ్ళినవారు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మార్కాపురంలో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను అమెరికా ముచ్చట్లు చెప్పమన్నారు. అక్కడి రోడ్లు, భవంతులు మీ పిల్లలు ఫోనుల్లో చూపిస్తూనే ఉన్నారు. వాటి జోలికి పోను. అక్కడ నేను చూసిన ఇద్దరు కుర్రవాళ్ళ గురించి, వాళ్ళ వల్ల గుర్తుకొచ్చిన మన ప్రాంతపు చరిత్ర గురించి చెప్పి, చివర నా తప్పు ఒకటి ఒప్పుకొని ముగిస్తాను.

మా అమ్మాయి ఇంట్లో ఉండగా ఒక సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. తీస్తే ఇద్దరు కుర్రవాళ్ళు. తెల్ల చొక్కా, మెడకు టై, జేబు మీద నల్లటి పేరు బిళ్ళ. మార్మన్లని మా అల్లుడు చెప్పాడు. 1830లో అమెరికాలో పుట్టిన సంఘం వాళ్ళది. యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘమని దాని పూర్తి పేరు. మాకు మతబోధ అక్కరలేదన్నాం. నొచ్చుకోలేదు. మంచినీళ్ళు అడిగారు. కూర్చోబెట్టి నేనే ప్రశ్నలు మొదలుపెట్టాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఆ సంఘంలో మగపిల్లలు పద్దెనిమిదేళ్ళు నిండాక రెండేళ్ళపాటు ఇలా సేవకు వెళ్ళవచ్చునట. ఏ దేశానికి వేస్తారో ముందుగా తెలియదు. సంఘం నుంచి ఉత్తరం వస్తుంది, అందులో ఏ ఊరు రాసి ఉంటే అక్కడికి పోవాలి. అవసరమైతే కొన్ని వారాలు ఆ దేశపు భాష నేర్పి పంపుతారు. జీతం లేదు. ఖర్చు తామో, తల్లిదండ్రులో పెట్టుకోవాలి. మామూలుగా పొద్దున్న ఆరున్నరకు లేవాలి. ప్రార్థన, వ్యాయామం, చదువు అయ్యాక బయట పడాలి. ఎక్కడికైనా ఇద్దరిద్దరుగానే వెళ్ళాలి. రాత్రి పదిన్నరకు దీపం ఆర్పాలి. వారానికొక రోజు మాత్రం బట్టలుతుక్కోవడానికి, సరుకులు తెచ్చుకోవడానికి వదిలిపెడతారు. కొన్ని వారాలకోసారి బదిలీ రావచ్చు. టీఏ, డీఏ లేకుండా, జాయినింగ్ టైం లేకుండా బదిలీలంటే మన సంఘం ఊరుకునేదేనా?

"రోజంతా తిరిగి ఏం సాధించావు బాబూ?" అని అడిగాను. చాలా తలుపులు తెరుచుకోవని చెప్పాడు. ఇంటి మీద బెంగతో మొదటి నెల రాత్రుళ్ళు ఏడ్చానన్నాడు. "ఇప్పుడు ఈ వీధిలో చాలామంది పేర్లు తెలుసు" అన్నాడు. నా పేరు అడిగి, నోరు తిరగకపోతే మూడుసార్లు పలికించుకొని, సరిగా వచ్చేదాకా వదల్లేదు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఈ సంఘం తెలుగువాళ్ళకు కొత్తదేం కాదు. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల్లో ఉండగా అందులో చేరి, 1978లో హైదరాబాదు వచ్చి తమ బంధువుల మధ్య బోధించారు. మన పడమటి ప్రకాశానికి వచ్చిన పరదేశీ మిషనరీలు మాత్రం వేరు. వాళ్ళు అమెరికన్ బాప్టిస్టులు. వాళ్ళలో మన పెద్దల నోట ఎక్కువగా వినపడిన పేరు క్లౌ దొర.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో పుట్టారు. కుర్రతనంలో అమెరికా ప్రభుత్వ సర్వే పార్టీలో పనిచేశారు. అంటే గొలుసు, కొలత తెలిసిన మనిషి. 1864 నవంబరులో భార్యతో బోస్టన్‌లో తెరచాప ఓడెక్కి, 1865లో నెల్లూరు చేరారు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు. అక్కడ తెలుగు నేర్చుకొని, 1866 సెప్టెంబరులో ఒంగోలు వచ్చి కాపురం పెట్టారు. ఆ రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోది. మన మార్కాపురం, కంభం కర్నూలు జిల్లాలోవి. ఈ ప్రాంతాలన్నీ ఒక్క జిల్లాలో చేరింది 1970లోనే.

గుంటకల్లు నుంచి బెజవాడ పోయే రైలు మన గిద్దలూరు, కంభం మీదుగా 1890 ప్రాంతానికి గాని రాలేదు. కాబట్టి ఆయన తిరుగుడంతా గుర్రం మీదా, ఎడ్లబండ్ల మీదా సాగేది. ఏ చింతతోపులోనో డేరా వేసుకొని చుట్టుపక్కల పల్లెలు తిరిగేవారు. కూలివాళ్ళు పగలు దొరకరు గనుక చీకటి పడ్డాక వాళ్ళ వాడల్లోకి వెళ్ళి మాట్లాడేవారు. మన ఎండలు మీకు చెప్పనక్కరలేదు. మంచుదేశం నుంచి వచ్చిన మనిషి వాటిని భరిస్తూ ఈ పని దశాబ్దాల తరబడి చేశారు.

ఇందులో ఆయన గొప్పతనం ఎంతో, మనవాడొకడి గొప్పతనమూ అంతే. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు ఒంగోలుకు పడమట నలభై మైళ్ళ దూరంలోని పల్లెవాడు. తోలు వ్యాపారం చేసేవాడు. అంతకుముందే గురువుల దగ్గర యోగం నేర్చినవాడు. దొరకు పల్లెల దారి చూపింది, ఎవరెవరో చెప్పింది పేరయ్య, అతనిలాంటి బోధకులే. వాళ్ళు లేకపోతే దొర డేరా తోపులోనే ఉండిపోయేది.

పేదకులాలవాళ్ళను చేర్చుకుంటే మేము రామని పట్టణంలోని పైకులాలవారు అప్పట్లోనే కబురుపెట్టారు. ఆ రాత్రి తానూ, భార్యా వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరి కళ్ళా ఒకే భాగం మీద పడిందని, బలహీనులను దేవుడు ఏర్పరచుకున్నాడనే మాట అందులో ఉందని ఆయన రాసుకున్నారు. ఆ తరువాత ఆయన వెనక్కి తగ్గలేదు.

1876-78 కరువు వచ్చింది. మన తాతల నోట ధాతు కరువుగా నిలిచిపోయిన కరువు అదే. అప్పుడు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని ఆయన కాంట్రాక్టు తీసుకున్నారు. తన బోధకులను మేస్త్రీలుగా పెట్టారు. పారలు, తట్టలు ఇచ్చి, గుడిసెలు వేయించి, ఆకలితో వచ్చిన జనానికి పని చూపారు. ఆ పదిహేను నెలలూ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం మతం మారారనే మాట రాకూడదని ఆయన పట్టుదల. కరువు తీరాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నల్లమలలో పుట్టి, మన కంభం చెరువు నింపి పోయే గుండ్లకమ్మే అది. 1882లో కంభంలోనూ, ఆ తరువాతి దశాబ్దంలో మార్కాపురంలోనూ మిషన్ కేంద్రాలు వెలిశాయి.

మతమార్పిడి మీద మనలో ఒక్కొక్కరికి ఒక్కొక్క అభిప్రాయం ఉంటుంది. మన సంఘంలో అన్ని మతాలవారూ ఉన్నాం. దాని మంచిచెడ్డలు తేల్చడానికి నేను నిలబడలేదు. నాకు పట్టింది ఒక్కటే. ఆయన గుమ్మం దాకా వెళ్ళారు. ఇక నా సంగతికి వస్తాను.

నాకు ముప్పై దాటని రోజులు. ఇంచుమించు క్లౌ దొర ఒంగోలు వచ్చిన ఈడే. ఒక కరువు ఏడు మన పడమటి పల్లెల్లో కరువు పనులు నడుస్తున్నాయి. ఒక పనికి మస్టర్ల తనిఖీ నాకు అప్పగించారు. ఊళ్ళో రచ్చబండ మీద కూర్చొని, కాఫీ తెప్పించుకొని, మస్టర్ తిరగేశాను. మాదిగపల్లె వరుసలో ఒకే పేరు రెండుచోట్ల కనిపించింది. భర్త పేరూ ఒకటే. దొంగ పేరు పట్టుకున్నానని సంబరపడి ఎర్ర సిరాతో ఒకటి కొట్టేశాను. పల్లె అక్కడికి రెండు ఫర్లాంగులు. లేచి వెళ్ళలేదు. ఎండగా ఉందనుకున్నాను. ఎండ ఒక్కటే కారణమంటే అబద్ధమవుతుంది. ఆ రోజుల్లో నాలాంటివాడు ఆ వాడలోకి పోవడం అలవాటు లేని పని.

పన్నెండు రోజుల కూలి ఆగిపోయిన మనిషి నడిచి కచేరీకి వచ్చింది. ఒకే పేరుగల ఇద్దరాడవాళ్ళు నిజంగానే ఉన్నారు. భర్తల పేర్లూ కలిశాయి. అప్పటికే బిల్లు పాసైపోయింది. మూడుసార్లు తిరిగింది. చివరిసారి ఆమె అన్నమాట ఇది: "అయ్యా, మా గుడిసె కాడికి వచ్చుంటే ఇద్దరమూ కనపడుంటిమి గదా." కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. జేబులోంచి డబ్బు తీసి ఇచ్చాను. తీసుకుంది. అవసరం అలాంటిది. మస్టర్‌లో ఆమె పేరు మీద ఎర్రగీత మాత్రం అలాగే ఉండిపోయింది. నా సర్వీసు రిజిస్టరులో ఎక్కడా లేని తప్పు అది.

పరదేశపు కుర్రాడు నా పేరు మూడుసార్లు పలికించుకున్న రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఆమె.

ఇప్పుడు సభవారికి ఒక మనవి. ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ వేళకు రాలేక పెన్షను ఆగిపోయేవారు మన ప్రాంతంలో ఉన్నారు. ముఖ్యంగా నాలుగో తరగతి ఉద్యోగుల భార్యలు. కళ్ళు కనపడక, వేలిముద్ర పడక, తోడు లేక ఇంట్లో ఉండిపోతారు. మన రికార్డులో వాళ్ళు ఒక నంబరు. ఈసారి కబురు పంపి కూర్చోవద్దు. ఆ మార్మన్ పిల్లల్లాగా ఇద్దరిద్దరుగా విడిపోయి, మార్కాపురం, కంభం, గిద్దలూరు పంచుకొని ఇళ్ళకు వెళదాం. చేతిలో మస్టర్ వద్దు. ముందు పేరు అడిగి, సరిగా పలకడం నేర్చుకుందాం. మోకాళ్ళ నొప్పులున్నవారు ఆటోలో రండి, చార్జీలు నేనిస్తాను.

మొదటి జట్టులో నా పేరు రాసుకోవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను.