తెలుగు బడిలో జావాస్క్రిప్టు తొలి పాఠాలు

(ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై ఐదు సంవత్సరాల పాటు తెలుగు అక్షరాన్ని కాపాడిన పాఠశాల పండుగనాడు కంప్యూటరు ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చు. కాని బిడ్డను తెలుగు మాధ్యమంలో చేర్చబోయే తల్లిదండ్రుల మనసును నేడు అన్నిటికంటె ఎక్కువగా కలవరపెట్టేది ఆ ప్రస్తావనే. కంప్యూటరు విద్య అంతా ఆంగ్లంలోనే గదా, తెలుగులో చదివిన బిడ్డ అందులో వెనుకబడదా అన్నది వారి సందేహం. అది బిడ్డ బాగు కోరి కలిగిన సందేహమే. కావున దానికి ఓదార్పు మాటలు చాలవు, ఆధారంతో కూడిన సమాధానం కావాలి.

ఈ సందేహం వెనుక మరొక నష్టం దాగి ఉన్నది. నాగలాపురం, కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల నల్లరేగడి పల్లెల్లో తెలుగు తరతరాలుగా ఇంటి మాటగా నిలిచింది. రాతగా నిలవడమే కష్టమైంది. కోవిల్‌పట్టి దాపున ఇడైసెవల్‌లో 1923లో జన్మించిన ప్రసిద్ధ రచయిత కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. తెలుగు నేల విడిచి దక్షిణానికి తరలివచ్చిన వారి కథను ఆయన 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా రచించినది తమిళంలో. తమిళ సాహిత్యానికి అది గొప్ప కానుక. అయితే పలుకు ఒక భాషలోను, రాత మరొక భాషలోను సాగడం ఈ సీమ తెలుగువారికి ఎంత సహజమైపోయిందో కూడ అది తెలుపుతుంది. కంప్యూటరు భయంతో తెలుగు రాత చిన్న తరగతులలోనే ఆగిపోతే, మిగిలిన ఆ కొద్దిపాటి అక్షరజ్ఞానం కూడ చేజారుతుంది.

ఇక విషయానికి వస్తే, వెబ్ పేజీని తోలుబొమ్మతో పోల్చవచ్చు. బొమ్మకు ఆకారం కోసి పెట్టేది హెచ్‌టీఎంఎల్. దానికి రంగులు దిద్దేది సీఎస్ఎస్. కట్టిన తాళ్ళు లాగి బొమ్మను ఆడించేది జావాస్క్రిప్టు. పేజీలోని మీట నొక్కగానే లెక్క తేలినా, పేరు పూరించకపోతే హెచ్చరిక కనిపించినా, ఆ పని చాలమటుకు జావాస్క్రిప్టు చేయించినదే. దీనిని 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజులలో తొలి రూపానికి తెచ్చారు. మొదట మోకా అనీ, పిదప లైవ్‌స్క్రిప్ట్ అనీ పిలువబడి, అదే సంవత్సరం డిసెంబరులో నేటి పేరు పొందింది. జావా అనే భాష వేరు, ఇది వేరు. 1997లో దీనికి ఇ.సి.ఎం.ఎ. సంస్థ ప్రమాణ రూపం ఏర్పరచింది.

నేర్చుకొనేందుకు పెద్ద ఖర్చేమీ లేదు. సాధారణ కంప్యూటరులో ఉండే నోట్‌ప్యాడ్, ఒక బ్రౌజరు ఉంటే చాలు. తొలి పాఠాలకు ఇంటర్నెట్ కూడ అవసరం లేదు. ఇందులోని తొలి భావనలు తెలుగు మాధ్యమంలో గణితం చదివిన విద్యార్థికి కొత్తవి కావు. విలువను దాచుకొనే పేరు చలరాశి. ఇచ్చిన విలువను తీసుకొని ఫలితం తిరిగి ఇచ్చేది ప్రమేయం. ఈ రెండు మాటలూ గణిత వాచకంలో ఉన్నవే.

మరొక విశేషం పలువురికి తెలియదు. 1999 డిసెంబరు నాటి మూడవ ప్రమాణం నుండి ఈ భాషలో చలరాశి పేరును తెలుగు లిపిలోనే రాయవచ్చు. లెట్, ఇఫ్, ఫర్ వంటి కొన్ని మాటలు మాత్రం ఆంగ్ల లిపిలోనే ఉండాలి. వాటి పక్కన ‘మార్కులు’, ‘పేరు’ అనే చలరాశులు తెలుగులో ఉంటే యంత్రానికి ఏ అభ్యంతరమూ లేదు. అంకెలు మాత్రం 75 అనే రీతిలో ఉండాలి. ౭౫ అని రాస్తే యంత్రం దానిని సంఖ్యగా స్వీకరించదు.

ఇక షరతు. పరీక్షలో 35 మార్కులు వస్తే ఉత్తీర్ణత. విద్యార్థి తొందరలో ‘మార్కులు 35 కంటె ఎక్కువైతే ఉత్తీర్ణత’ అని రాశాడనుకొందాం. సరిగ్గా 35 వచ్చిన బిడ్డను యంత్రం నిర్దాక్షిణ్యంగా తప్పిస్తుంది. ‘35 గాని, అంతకు మించి గాని’ అని రాయాలి. ఒక్క చిహ్నం లోపిస్తే ఒక బిడ్డ సంవత్సరం పోతుంది. మాటను తూచి వాడాలని తెలుగు ఉపాధ్యాయులు వ్యాకరణంలో చెప్పేదే ఇక్కడ లెక్కగా ఎదురవుతుంది.

అటువంటిదే మరొకటి. పేజీలో అడిగి రాబట్టిన 75 యంత్రానికి మొదట సంఖ్య కాదు, కేవలం రాత. దానికి 1 కూడమంటే 76 రాదు. రెండూ పక్కపక్కన చేరి 751 అవుతుంది. ముందుగా దానిని సంఖ్యగా మార్చమని చెప్పాలి. ఈ పాఠశాల వయసుకు ఒక ఏడు కలుపబోయిన విద్యార్థి 751 చూసి నవ్వుకొంటాడు, ఆ పాఠం మాత్రం మరచిపోడు.

ఆవృత్తిని బోధించేందుకు వాకిటి ముగ్గు చాలు. నడిమి వరుసలో 7 చుక్కలు పెట్టి, సందు చుక్కగా ఇరువైపులా 6, 5, 4 అంటూ 1 వరకు దిగితే మొత్తం 49 చుక్కలు. ప్రతి వరుసకూ విడిగా ఆజ్ఞ రాయనక్కరలేదు. ‘7తో మొదలుపెట్టు, వరుసకు ఒకటి తగ్గించు, 1 పూర్తయ్యాక ఆగు’ అంటే ఒక వైపు ముగుస్తుంది. అదే తీరున 6 నుండి దిగితే రెండవ వైపు సిద్ధం.

ఎన్ని మార్లో ముందుగా తెలియని పనికి వేరొక ఆవృత్తి ఉన్నది. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి వేరుసెనగ మిఠాయి దీనికి తగిన ఉదాహరణ. పాకం ముదరనంత వరకు కాచాలి. మధ్య మధ్య ఒక చుక్క నీళ్ళలో వేసి చూడాలి. పెళుసుగా గట్టిపడితే దించాలి, లేకుంటే మళ్ళీ కాచాలి. జావాస్క్రిప్టులోని వైల్ అనే ఆజ్ఞ ఇదే. అయితే పొయ్యిలో మంట లేకుండా కలుపుతూ కూర్చొంటే పాకం ఎన్నటికీ ముదరదు. అటులనే ఆవృత్తి లోపల ఏదో ఒక విలువ మారకపోతే అది ఆగదు, బ్రౌజరు స్తంభించిపోతుంది. మిఠాయి చేసే ఇంటి బిడ్డకు ఈ దోషం వివరించి చెప్పనవసరం లేదు.

ఇంతవరకు చెప్పినది తెలుగు బిడ్డ వెనుకబడనవసరం లేదని. తెలుగు అక్షరం బాగా తెలిసినవారే చేయగల పని ఒకటి ఉన్నదన్నది దీనికంటె ముఖ్యం.

ప్రపంచ భాషల లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించిన యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు ఉన్నవి. అకారం 3077, కకారం 3093, పొల్లు 3149. ‘తెలుగు’ అనే మాట పొడవెంత అని జావాస్క్రిప్టును అడిగితే 3 అని చెప్పదు, 6 అంటుంది. తకారం, ఎత్వం, లకారం, కొమ్ము, గకారం, కొమ్ము అని అది విడివిడిగా లెక్కిస్తుంది. కంటికి ఒకే అక్షరమైన ‘స్త్రీ’ కూడ యంత్రానికి ఆరే. గుణింతాలు, ఒత్తులు సరిగా నేర్చిన మూడవ తరగతి బిడ్డ పలకపై చేసే విభజనకు ఇది చాల దగ్గరిది.

తెలుగు తెలియనివారు ప్రోగ్రాము రాస్తే ఏమగునో చూడండి. పేరుకు ఐదు అక్షరాలకు మించరాదని ఒక దరఖాస్తులో నియమం పెట్టారనుకొందాం. ‘లక్ష్మి’ అనే పేరు కంటికి రెండక్షరాలే. యంత్రానికి ఏడు. ఐదింటి వద్ద కోస్తే ‘లక్ష్’ మిగులుతుంది. మిఅక్షరం పోయి బిడ్డ పేరు పొల్లుతో వేలాడుతుంది. ఆంగ్ల అక్షరాలు మాత్రమే ఎరిగినవారికి ఈ లోపం తట్టదు. తట్టవలసినది తెలుగు చదివినవారికి.

అలా తట్టి పనిచేసినవారు ఉన్నారు. ఒకనాడు ఒక పత్రిక తెలుగు అక్షరాలు ఆ పత్రిక ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా కనిపించేవి. వెన్న నాగార్జున రూపొందించిన ‘పద్మ’ అటువంటి రాతలను యూనికోడ్ తెలుగులోకి మార్చింది. వీవెన్ అందించిన ‘లేఖిని’ ఆంగ్ల మీటలతో తెలుగు రాసే వీలు కల్పించింది. ఈ రెండింటి వెనుక ఉన్నది జావాస్క్రిప్టే. కె అనే మీట నొక్కితే క్, దానికి ఎ చేర్చితే క, మరొక ఎ చేర్చితే కా. బడిలో వల్లెవేసిన గుణింతమే అక్కడ షరతులుగా మారింది. దేశదేశాల తెలుగువారు ఆ పనిముట్టుతో రాసుకొన్నారు.

ఆంగ్లం అక్కరలేదని దీని భావం కాదు. దోషం జరిగితే యంత్రం చూపే సందేశాలు ఆంగ్లంలో ఉంటాయి. లోతైన గ్రంథాలూ ఆంగ్లంలోనే ఎక్కువ. వాటిని చదివే శక్తి బిడ్డకు కలిగించి తీరాలి. తమిళ సీమలో జీవించే బిడ్డకు తమిళం అంతే అవసరం. అయితే భావం ముందుగా ఇంటి భాషలో నాటుకోవాలి. షరతు, ఆవృత్తి, చలరాశి అన్నవి తెలుగులో అర్థమైన బిడ్డకు ఇఫ్, ఫర్, లెట్ అనే మాటలు కొద్ది రోజుల పని. భావం తెలియక ఆంగ్ల మాటలను వల్లెవేసిన బిడ్డకు అవి ఎన్నేళ్ళకూ పరాయివే.

కావున ఈ జూబ్లీ సందర్భంగా మూడు విన్నపాలు. తల్లిదండ్రులు కంప్యూటరు కారణంగా తెలుగు చదువును మధ్యలో మాన్పించవద్దు. ఉపాధ్యాయులు ఎనిమిదవ తరగతి నుండి వారానికి రెండు పీరియడ్లు ఈ తొలి పాఠాలకు కేటాయించి, గణితం, తెలుగు ఉపాధ్యాయులు కలిసి బోధించే ఏర్పాటు చేయాలి. కంప్యూటరు రంగంలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు సెలవులకు వచ్చినప్పుడు ఒక్క పూట తరగతి గదిలో కూర్చొని, తాము ఈ బడిలో నేర్చిన తెలుగులోనే పిల్లలకు ఒక పాఠం చెప్పాలి. విరాళాలు భవనానికి ఉపకరిస్తాయి. ఆ ఒక్క పూట పాఠం బిడ్డల భయం తీరుస్తుంది.