వృత్తిపరివర్తనము – సైకిలు పందెము – మనోనిగ్రహము

(కొనకనమిట్లలో వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సభయందు విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను బడిపంతులనై చిరకాలము గడపినవాడను. శబ్దములును ధాతువులును వల్లెవేయించుటయే నా వృత్తి. అట్టివాడు సైకిలు పందెములను గూర్చి ప్రసంగింపబూనుట చోద్యముగ తోచవచ్చును. కాని మన బిడ్డలలో అనేకులు ముప్పదియేండ్ల ప్రాయమున ఒక కొలువును విడిచి మఱియొక దానిని వెదకుకొనుచున్నారు. వారిలో కొందఱు వేకువజామున సైకిళ్లెక్కి పందెములకు సాధన చేయుచున్నారు. ఈ రెండు భారములను ఒక్కమాఱుగ మోయువాని మనస్సు ఎట్లు నిలువవలయును? ఇంటివారును సంఘమువారును అతనికి ఎట్లు తోడుపడవలయును? ఇదియే నా ప్రసంగవిషయము.

వృత్తి మారుట మన సీమకు క్రొత్త కాదు. మార్కాపురపు పలకపై ఓనమాలు దిద్దినవారు ఈ సభలో ఎందఱో యున్నారు. నోటుపుస్తకములును ప్లాస్టిక్కు పలకలును వచ్చినపిమ్మట ఆ వ్రాతపలకకు గిరాకి తగ్గెను. అయిన నేమి? ఆ రాయియే గోడలకును నేలలకును పఱచు బిళ్లలై విదేశములకు సహితము పోవుచున్నది. రాయి మారలేదు, దాని పని మారినది. రాతికి లేని సిగ్గు మనుజునకు ఏల? కొలువు విడిచిన యువకుని "నిలకడ లేనివాడు" అని అరుగులపై కూర్చుండి నిందించుట న్యాయము కాదు. వానలు లేని యేట మెట్టచేలను విడిచి పనికై పరయూళ్లకు పోయిన మన పెద్దలు నిలకడ లేనివారా?

ఇక సైకిలు పందెపు మర్మమును కొంచెము వివరించెదను. గుంపులో ముందువాని వెనుక నంటి పోవువానికి గాలి యడ్డు తగ్గును, అలసటయు తగ్గును. ఒంటరిగ ముందునకు దూకినవాడు గాలినంతయు తానే చీల్చుకొని పోవలయును. వేగము రెండింతలైనచో గాలి యడ్డు నాలుగింతలగును. దానిని జయించుటకు వలయు శక్తి ఎనిమిదింతలగును. కావున కాళ్ల బలమొక్కటియే చాలదు. ఎప్పుడు దాగియుండవలయును, ఎప్పుడు దూకవలయును అను విచారము గంటలతరబడి మనస్సును కలచుచుండును. కొలువు మార్చుకొనువాని స్థితియు ఇట్టిదే. పాత కచ్చేరిలో పదిమంది నీడన సాగినవాడు క్రొత్తపనిలో గాలికెదురుగ ఒంటరియై నిలుచును. అతనికి కలుగు బెదురు స్వాభావికము. అది పిఱికితనము కాదు.

దీనికి దృష్టాంతముగ ఆస్ట్రియాదేశపు వనిత ఆనా కీసెన్‌హోఫర్ చరితమును వినుడు. ఆమె 2016లో బార్సెలోనా నగరమున గణితశాస్త్రమునందు డాక్టరు పట్టము పొందెను. 2017లో జీతమిచ్చు పందెపుజట్టులో చేరి, ఆ జీవనము సరిపడక అనతికాలమునకే విడిచెను. లోకము దీనిని ఓటమి యనును. ఆమె స్విట్జర్లాండులోని లోసాన్ నగరపు సాంకేతిక విద్యాలయమున గణితపరిశోధనము చేయుచు, కొంతకాలమునకు మరల పందెములలో దిగెను. ఒంటరిగ గడియారముతో పోరాడు పందెమున 2019 మొదలుకొని వరుసగ మూడేండ్లు స్వదేశమున ప్రథమస్థానము గాంచెను. తన సాధనక్రమమును తానే యేర్పఱచుకొనెను.

2021 జూలై 25వ తేది టోక్యో ఒలింపిక్సులో సుమారు 137 కిలోమీటర్ల పందెము జరిగెను. అప్పటికి ఆమెకు జీతమిచ్చు జట్టేదియు లేదు. పందెము మొదలైన తోడనే ఆమె మఱి కొందఱితో ముందునకు దూకెను. కడపటి నలువది కిలోమీటర్లు ఒంటరిగ సాగి, 75 సెకండ్ల యంతరముతో బంగారుపతకము గెలిచెను. ఆ పందెమున రేడియోల సౌకర్యము లేకుండెను. రెండవదియై వచ్చిన నెదర్లాండ్సు వనిత ఆనెమీక్ ఫాన్ ఫ్లూటెన్, ముందొకతె పోయినదని యెఱుగక, తానే గెలిచితినని చేతులెత్తెను. కీసెన్‌హోఫర్ జట్టును విడిచినది కాని సాధనను విడువలేదు. సైకిలును చేపట్టినది కాని చదువును పాఱవేయలేదు. నేను ముఖ్యముగ గ్రహింపుడని కోరునది ఇదియే.

ఇక మన దేశపు మాట. హైదరాబాదు నివాసియగు ఆదిత్య మెహతా వ్యాపారమునందుండగా రోడ్డు ప్రమాదమున ఒక కాలు పోగొట్టుకొనెను. పిమ్మట సైకిలు నభ్యసించి 2013లో ఆసియా పారాసైక్లింగు పోటీలలో రెండు వెండిపతకములు గెలిచెను. అంతటితో ఆగక, తన పేరిట సంస్థను నెలకొల్పి, అంగవైకల్యము గల ఇతరులకు క్రీడాశిక్షణ నిప్పించుటయే తన పనిగ చేసికొనెను. పందెమే అతనికి క్రొత్త వృత్తికి త్రోవ చూపినది.

మనస్సును నిలుపుటకు మన యోగశాస్త్రము రెండు సాధనములను చెప్పినది: అభ్యాసము, వైరాగ్యము. అభ్యాసమన కొంచెమైనను విడువక చేయుట. క్రొత్తకొలువులో చేరిన తొలిమాసములలో సాధనను సగమునకు తగ్గింపుడు గాని బొత్తిగ మానకుడు. కచ్చేరి చింతయు కొండదారి యాయాసమును ఒక్క దేహమునుండియే బలమును పుచ్చుకొనును. నిద్రను తఱిగి రెండింటిని సాగింప జూచువాడు రెండింటను చెడును. ఆఱుమాసముల ఇంటిఖర్చు చేత లేక కొలువు విడువకుడు. ఆ సంధికాలమున పెద్దపందెమునకు పేరు నమోదు చేయింపకుడు.

వైరాగ్యమన పందెమును ద్వేషించుట కాదు. ఫలమును మనస్సునకు అంటనీయకుండుట. తిండి, నిద్ర, సైకిలు పదను మన చేతిలోనివి. గాలి, చక్రపు పంక్చరు, తోడివాని బలము మన చేతిలోనివి కావు. స్లోవేనియాకు చెందిన ప్రిమోజ్ రోగ్లిచ్ మంచుకొండపైనుండి స్కీలతో ఎగిరి దూకు క్రీడను విడిచి సైకిలు నెక్కినవాడు. 2020లో ఫ్రాన్సుదేశపు మహాపందెమున 57 సెకండ్ల ఆధిక్యముతో నుండి, ముగింపునకు ముందునాడు దానిని పోగొట్టుకొనెను. మఱుసటియేడు టోక్యోలో గడియారపు పందెమున బంగారుపతకము గొనెను. ఓటమి పలకపై వ్రాత. అది పలక కాదు. తుడిచి మరల వ్రాయవచ్చును. దిగులు వారములతరబడి వీడక, నిద్రయు ఆకలియు చెడినచో వైద్యుని కడకు పోవలయును. జ్వరమునకు పోవుటకు లేని సిగ్గు దీనికేల?

పోషకమహోదయులారా! ప్రథమశ్రేణిలో నుత్తీర్ణులైన బాలురకును బాలికలకును బహుమానము లిచ్చుట మంచిదే. దానితోడ, నడివయస్సున వృత్తి మార్చుకొనువారికి వడ్డీలేని చిన్న అప్పు నిచ్చు నిధి యొకటి ఏర్పఱుపవలయునని నా విన్నపము. ఆయా వృత్తులలో పండిన పెద్దలు వారానికొక గంట యువకుల కష్టములను వినుటకు ముందునకు రావలయును. దీనికి ద్రవ్యము సయితము అక్కఱలేదు. తల్లిదండ్రులారా! పందెమునుండి తిరిగివచ్చిన బిడ్డను "ఎన్నవస్థానము?" అని మొదట అడుగకుడు. "అన్నము తింటివా?" అని అడుగుడు. కొలువు విడిచివచ్చిన కొడుకునకును కూతునకును ఆ మాటయే చాలును.

సంఘము వర్ధిల్లుగాక! మన బిడ్డలు ఆయురారోగ్యములతో సుఖింతురుగాక!