మేడకు గేటు కలదు, ఊరికి గేటు లేదు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



మురుగు కాలువలు, వీధి దీపములు, మంచినీటి పథకములు మున్నగు వానిని గూర్చి జరుగు ఈ తరగతులలో నా విషయము కొంత వింతగా తోచవచ్చును. ఇంగ్లండు దేశములో ఒక పాతకాలపు కథను చిత్రించిన పల్లెపట్టులకు జనులు బస్సులలో పోయి, ఒక్క దినములో చూచి వచ్చు యాత్రను గూర్చి నేను చెప్పదలచితిని. దానితో మనకేమి పని యని మీరు అడుగవచ్చును. పని కలదు. కాలువ గట్లను, పెంకుటిండ్లను, కొబ్బరి తోటలను వెదకుకొనుచు చలనచిత్రముల వారు మన ఊళ్లకును వచ్చుచున్నారు. చిత్రము పేరుపొందిన పిమ్మట ఆ చోటులను చూచుటకు జనులును వచ్చుచున్నారు. వారు వచ్చి, చూచి, పోయిన తరువాత ఊరికి మిగులునదేమి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారు మీరే.

ముందుగా ఆ కథను గూర్చి రెండు మాటలు. దాని పేరు 'డౌన్‌టన్ అబ్బీ'. జూలియన్ ఫెలోస్ అను రచయిత సృష్టించిన టెలివిజన్ ధారావాహిక అది. బ్రిటనులో ఐటీవీ ద్వారా 2010 సెప్టెంబరులో మొదలై, 2015 క్రిస్మస్ దినమున 52వ భాగముతో ముగిసినది. పిదప 2019, 2022, 2025 సంవత్సరములలో ఆ కథయే మూడు చలనచిత్రములుగా కొనసాగినది. 1912లో టైటానిక్ నౌక మునిగిన వార్తతో కథ ఆరంభమగును. 1926 నూతన సంవత్సరము వచ్చు రాత్రితో ధారావాహిక ముగియును. ఒక జమీందారు కుటుంబము, వారి పెద్ద మేడ, ఆ మేడ క్రింది అంతస్తులో పనిచేయు వంటవారు, పరిచారకులు, మేడకు చేరువనున్న చిన్న ఊరు ఇందలి రంగస్థలము. యుద్ధము వచ్చి, కాలము మారి, పెద్దల పెత్తనము క్రమముగా సడలిపోవుట ఇందలి సారము.

ఆ కథలో పంచాయతీ సభ్యులు గమనింపదగిన ఘట్టములు రెండు కలవు. 1924లో ఊరివారు మొదటి ప్రపంచ యుద్ధమున మరణించిన తమ బిడ్డలకు స్మారకము నిలుపదలచి ఒక సంఘము ఏర్పరచుదురు. దాని అధ్యక్షతకు వారు కోరునది జమీందారుగారిని గాదు; ఆయన ఇంట పరిచారకులకు పెద్దయగు కార్సనును. స్మారకమును ఊరి నడుమ నిలుపవలెనా, దూరముగా ప్రశాంతమైన చోట నిలుపవలెనా యని చర్చ సాగి, తుదకు ఊరి నడుమనే నిలుపుదురు. రెండవది ఆసుపత్రి వివాదము. ఊరిలోని చిన్న ఆసుపత్రిని నగరములోని పెద్ద ఆసుపత్రితో కలిపినచో మెరుగైన వైద్యము అందునని ఒక పక్షము వాదించును; కలిపిన పిమ్మట ఊరి మాట చెల్లదని మరియొక పక్షము వాదించును. ఇట్టి వాదములు మన గ్రామ సభలలో వినబడుట లేదా?

ఇక యాత్ర మాట. కథ జరిగినట్లు చెప్పబడిన చోటు ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైరు. చిత్రించినది మాత్రము దక్షిణమున. మేడ హ్యాంప్‌షైరులోని హైక్లియర్ భవనము. ఊరు ఆక్స్‌ఫర్డ్‌షైరులోని బ్యాంప్టన్. వంటగది, పరిచారకుల గదులు లండను ఈలింగ్ స్టూడియోలో కట్టిన సెట్టు. అనగా మేడపై నుండి పళ్లెరము పట్టుకొని మెట్లు దిగిన పరిచారకుడు ఒక జిల్లా విడిచి లండను నగరములో కాలు మోపుచున్నాడన్న మాట!

ఇట్టి యాత్రలు నడుపు సంస్థలు అనేకములు కలవు. మార్గములు కొంత భేదించినను పద్ధతి ఒక్కటియే. ఉదయము లండనులో బస్సు బయలుదేరును. మార్గదర్శి ముందు కూర్చుండి ధ్వనివాహకములో కథను జ్ఞాపకము చేయుచుండును. సుమారు 110 కిలోమీటర్లు పోయిన పిమ్మట బ్యాంప్టను వచ్చును. 2011లో జనాభా రమారమి రెండున్నర వేలు. మన పంచాయతీలలో ఒక మధ్యరకపు ఊరంత. తేనెరంగు సున్నపురాతి గోడల ఇండ్లు, సన్నని వీధులు, ఎత్తైన శిఖరముగల ప్రాచీనమగు చర్చి కలవు. కథలో జమీందారుగారి పెద్ద కుమార్తె మేరీ వివాహము ఆ చర్చిలోనే జరిగినది. దాని అసలు పేరు సెయింట్ మేరీ చర్చి. కథలో మాత్రము సెయింట్ మైకేల్ చర్చి. చర్చి ప్రక్కనున్న పాత మతాధికారి గృహము కథలో మాథ్యూ క్రాలీ తల్లి నివసించిన ఇల్లు. అది నేడు సొంతదారుల నివాసము. యాత్రికులు వెలుపల నిలిచి చూచి పోవలసినదే.

మనము ఎక్కువసేపు ఆగవలసిన చోటు గ్రంథాలయము. 17వ శతాబ్దమున పాఠశాలగా కట్టిన రాతి భవనములో అది ఉన్నది. ఇందాక చెప్పిన వివాదమునకు మూలమగు ఆసుపత్రిగా తెరపై కనబడినది ఈ భవనమే. యాత్రికుడు ఆసుపత్రిని చూడవచ్చి, పుస్తకములను చూచును. ఆ కప్పు క్రిందనే ఊరివారు తమ గ్రామ చరిత్ర భాండారమును నెలకొల్పుకొనినారు. పాత ఛాయాచిత్రములు, పత్రములు, వృద్ధుల జ్ఞాపకములు అందు సేకరించినారు. స్వచ్ఛంద సేవకులు ప్రదర్శనలు ఏర్పాటుచేసి, ఊరి చరిత్ర పుస్తకములను, ధారావాహికకు సంబంధించిన జ్ఞాపికలను విక్రయించుచున్నారు. ఎక్కడివాడో యగు యాత్రికునకు ఊరి అసలు కథ చెప్పు చోటును, అతని చేతి డబ్బు ఊరికి చేరు చోటును ఒక్కటియే యగుట ఇచ్చటి విశేషము.

వీధిలో నడచునపుడు యాత్రికులు వెదకు కొన్ని వస్తువులు కానరావు. కథలోని పూటకూటిల్లు ఏది? తపాలా కచేరీ ఏది? అవి చిత్రీకరణ దినములలో ఇండ్ల ముంగిళ్లకు తగిలించిన పలకలు. 1912 నాటి వీధి కావలెను గనుక, రోడ్డుపై గీతలను కప్పి, నేటి సూచికలను మరుగుపరచి చిత్రించిరి. పని తీరిన పిమ్మట తమ అలంకారములను తీసికొనిపోయిరి. మిగిలినవి రాతి గోడలు, చర్చి, చెట్లు. అనగా ఊరివారు తరతరములుగా కాపాడుకొనినవే మిగిలినవి. చిత్రముల వారు ఈ ఊరికి వచ్చుటకు కారణమును అవియే.

ఈ ఊరు సినిమా వలననే పేరుపొందినదని యనుకొనరాదు. మే నెల చివర వచ్చు సెలవు సోమవారమున అచ్చట మారిస్ నృత్యము జరుగును. తెల్లని దుస్తులు ధరించి, కాళ్లకు గజ్జెల వంటి చిరుగంటలు కట్టుకొని, చేతిరుమాళ్లు ఊపుచు వీధి వీధిని ఆడుదురు. మన పల్లెలలో కోలాటము, చెక్కభజన వలె అది ఊరి సొత్తు. ధారావాహిక ముగిసినను ఆ ఆట ముగియలేదు.

కొన్ని యాత్రలలో చేరువనున్న విట్నీ పట్టణపు కాగ్స్ పొలమును కూడ చూపుదురు. కథలో డ్రూ అను కౌలురైతు ఇల్లు అది. ఒక ధర్మ సంస్థ ఆధీనములో నడచుచున్నది. గొఱ్ఱెలు, మేకలు, పందులు, కోళ్లు, పాత వంటిల్లు, కొట్టములు చూచి నగరపు పిల్లలు సంతోషింతురు.

మధ్యాహ్నము బస్సు హైక్లియరు చేరును. కార్నార్వన్ ప్రభువంశీయుల నివాసమది. 1922లో ఈజిప్టున టుటంఖామన్ సమాధి బయటపడినప్పుడు ఆ త్రవ్వకములకు ధనమిచ్చినది ఈ వంశమున ఐదవ ప్రభువే. పార్లమెంటు భవనమునకు రూపకల్పన చేసిన చార్లెస్ బారీయే 19వ శతాబ్దమున ఈ మేడకు నేటి రూపము నిచ్చెను. ఏడాదిలో కొన్ని దినములే ప్రవేశము; ముందుగా టిక్కెట్టు కొనవలెను; లోపల ఛాయాచిత్రములు తీయరాదు. ధారావాహికకు పూర్వము, 2009లో, మేడ కప్పు కారుచున్నదనియు, మరమ్మతులకు సుమారు 1 కోటి 20 లక్షల పౌండ్లు కావలసియున్నదనియు పత్రికలు వ్రాసినవి. ధారావాహిక వలన సందర్శకులు పెరుగగా, ఆ రాబడి మరమ్మతులకు అక్కరకు వచ్చినది.

సాయంకాలము బస్సు లండనునకు మరలును. ఇచ్చట మనము లెక్క చూడవలెను.

మేడకు గేటు కలదు. గేటు వద్ద టిక్కెట్టు కలదు. ఊరికి గేటు లేదు. వీధిలో నడచుటకు రుసుము లేదు, ఉండరాదు కూడ. యాత్రికుడు లండనులో చెల్లించిన సొమ్ము బస్సుకు, మార్గదర్శికి, మేడ ప్రవేశమునకు సరిపోవును. ఊరికి చేరునది, ఆ గంటసేపులో అతడు త్రాగిన టీ, కొన్న పుస్తకము, చర్చి హుండీలో వేసిన కానుక మాత్రమే. భారము మాత్రము పూర్తిగా ఊరిదే. సన్నని వీధిలో పెద్ద బస్సు మలుపు తిరుగవలెను. చెత్తను ఎవరో తీయవలెను. మరుగుదొడ్డి ఎవరో కడుగవలెను. ప్రసిద్ధి అందరికి వచ్చును, రాబడి కొందరికి వచ్చును. ఈ తేడాను సరిచూచుట స్థానిక సంస్థ పని.

బ్యాంప్టనునకును మన పంచాయతీ వంటి పారిష్ కౌన్సిల్ కలదు. ఇంగ్లండులో 1894 నాటి చట్టముతో ఇవి ఏర్పడినవి. ఏటేటా తనకు కావలసిన సొమ్మును పారిష్ కౌన్సిల్ నిర్ణయించగా, జిల్లా కౌన్సిల్ పన్నుతోపాటు వసూలుచేసి దానికి అందజేయును. ఆటస్థలములు, శ్మశానములు, సమావేశ మందిరములు, బస్సు నిలుచు చోట నీడ మున్నగు చిన్న పనులే వారివి. కాని యాత్రికుడు బస్సు దిగగానే చూచునవి ఆ చిన్న పనులే గదా!

ఇక మన సంగతి. తూర్పు గోదావరి జిల్లా కొవ్వూరు మండలము కుమారదేవము గ్రామమున గోదావరి గట్టుపై ఒక నిద్రగన్నేరు వృక్షముండెడిది. వయస్సు సుమారు 150 ఏండ్లు. 'సినిమా చెట్టు' అని దానికి పేరు. ఎన్నియో తెలుగు చిత్రములను దాని నీడన తీసిరి. 2024 ఆగస్టులో అది కూలిపోయినది. తెరపై చూచినవారు సైతము ఆప్తబంధువు పోయినట్లు విచారించిరి. సున్నపురాతి గోడ వలె చెట్టు శతాబ్దములు నిలువదు. వేళ్ల చుట్టు మట్టి కోసుకొనిపోకుండ చూచుట, ముసలి చెట్టు ప్రక్కన మొక్కను ముందే నాటి పెంచుట మన పని. ప్రతి ఊరును తన చెట్టును, చెరువు గట్టును, పాత చావడిని ఒకమారు లెక్క వ్రాసికొనుట మేలు.

దీనికి మనకు అధికారమున్నదా యని సందేహము వలదు. 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదకొండవ షెడ్యూలులో 29 విషయములు కలవు. పర్యటన అను మాట అందులో ప్రత్యేకముగా లేదు. కాని రోడ్లు, గ్రంథాలయములు, సాంస్కృతిక కార్యక్రమములు, సంతలు, తిరునాళ్లు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము, సామాజిక ఆస్తుల పోషణ, ఇవన్నియు కలవు. యాత్రికుని ఒక పూటకు కావలసినవి ఇవి కాక మరేమి?

కావున ఈ క్రింది విషయములను మీ సమావేశములలో చర్చింపవలసినదిగా కోరుచున్నాను.

ఒకటి: చిత్రీకరణకు వచ్చువారు పంచాయతీ ఆస్తిని వాడుకొనదలచినచో, ఎన్ని దినములు, ఏ వేళలు, ఎంత సొమ్ము, పాడైనదానిని ఎవరు బాగుచేయవలెను అను షరతులను ముందుగా వ్రాతమూలకముగా నిర్ణయించుకొనుడు. సొమ్ము రశీదుతో పంచాయతీ నిధికి చేరవలెను. ఇతర శాఖల అనుమతులు వేరుగా ఉండును.

రెండు: బస్సు ఆగుచోటు, మంచినీరు, మరుగుదొడ్డి, చెత్తకుండీ ఏర్పడిన తరువాతనే రండని జనులను పిలువుడు.

మూడు: గ్రంథాలయమునో, పాత చావడినో ఊరి చరిత్ర చెప్పు చోటుగా చేయుడు. చదువుకొన్న యువతీయువకులకు మార్గదర్శకులుగా తర్ఫీదు నిప్పించుడు. మహిళా సంఘములు చేయు పచ్చళ్లు, పిండివంటలు, నేత బట్టలు అచ్చటనే అమ్ముటకు వసతి కల్పించుడు.

నాలుగు: ఇండ్లు ప్రదర్శన వస్తువులు కావు. గుడి, మసీదు, చర్చి ఆరాధన స్థలములు. ఎంతవరకు పోవచ్చునో, ఎచ్చట ఆగవలెనో తెలుపు పలకలు నిలుపుడు.

ఐదు: ఏడాది చివర వచ్చినదెంత, ఖర్చయినదెంత, ఎవరికి చేరినదెంత అను లెక్కను గ్రామ సభ ముందుంచుడు. వీధి పొడుగున దుమ్ము తినువారు ఒకరు, లాభము తినువారు ఒకరు అయినచో ఊరిలో పొరపొచ్చెములు తప్పవు.

సినిమా కొరకు ఊరిని మార్చుకొనుడని నేను చెప్పుట లేదు. సినిమా రాని ఊళ్లే మనలో ఎక్కువ. శుభ్రమైన వీధి, నీడనిచ్చు చెట్టు, తెరచియుండు గ్రంథాలయము మొదట ఊరివారికి కావలెను. యాత్రికుడు వచ్చినను రాకున్నను అవి వ్యర్థము కావు. వచ్చిననాడు మాత్రము, ఆ గంటసేపు మనది కావలెనన్నచో, ఏర్పాటు ముందుగానే జరిగియుండవలెను. ఆ ఏర్పాటు మీ చేతిలో ఉన్నది.