దరఖాస్తులో ఒక గడి



ఈ వేదికపై మన పిల్లల ఘనతలను గురించి ప్రసంగించమన్నారు. నేను ఒక దరఖాస్తులోని చిన్న గడిని గురించి చెబుతాను.

అమెరికాలో చదువు ముగించి, అక్కడే విమానం నడపడం నేర్చుకోబోతున్న మన పూర్వవిద్యార్థి ఒకడు ఇటీవల నాకు ఫోను చేశాడు. పేరు చెప్పకూడదన్న షరతుపై ఈ సంగతి చెప్పడానికి ఒప్పుకున్నాడు. ఆ దేశంలో పైలట్ కాదలచినవారు సాధారణంగా వైద్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేయాలి. అందులోని 18వ అంశం రోగాలతో ఆగదు. తాగి వాహనం నడిపిన కేసులను, ఇతర నేరాలకు పడిన శిక్షలను కూడ అడుగుతుంది. అదీ జీవితకాలమంతటికీ.

ఇతడు కళాశాల రోజులలో అక్కడి దుకాణంలో ఏదో చిన్న వస్తువు దొంగిలించి, కోర్టులో జరిమానా కట్టాడట. ఇంట్లో ఎవరికీ తెలియదు. “రాయమంటారా, టీచర్‌గారూ?” అన్నాడు.

అటువంటి చిన్న శిక్ష తనంతట తానుగా వైద్యపరమైన అనర్హత కాదు. దానిని బుద్ధిపూర్వకంగా దాచడం మాత్రం వేరు. నిబంధనల ప్రకారం అంతవరకు సంపాదించిన పైలట్ ధ్రువపత్రాలన్నీ రద్దు కావచ్చు. ఫెడరల్ చట్టం క్రింద 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష కూడ పడవచ్చు.

ఇంత తెలిసీ నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. పదవ తరగతిలో అతడు చీటీతో పట్టుబడిన సంగతి తెలిసి, టి.సి.లో ‘ప్రవర్తన: మంచిది’ అని వ్రాసినదానను నేనే. తండ్రిని కూడ పిలిపించలేదు. అది దయ అనుకున్నాను.

ముందు ఆ మాటే అతనికి చెప్పాను. తరువాత, ‘అవును’ అని గుర్తు పెట్టి, క్రింద వివరణలో ఉన్నదున్నట్లు వ్రాయమన్నాను. సందేహముంటే, పంపకముందే న్యాయవాదిని అడగమన్నాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు. కోర్టు కాగితాల నకళ్ళు తెప్పించుకుంటానని మాత్రం అన్నాడు.

మళ్ళీ ఫోను ఇంకా రాలేదు.