రన్‌వే ఎవరిది? టైము ఎవరిది?

ఆదిలాబాద్ విమానాశ్రయం గురించి జరిగిన సభల చేసిన ప్రసంగ పాఠం



ఆదిలాబాద్‌కు గాలిమోటరు వస్తదంటే వద్దనేటోడు ఎవడూ లేడు. నేను కూడా వద్దని చెప్పనీకె నిలబడలేదు. హైదరాబాద్ పోవాలంటే మూడొందల కిలోమీటర్లు. పెద్ద రోగమొస్తే అంబులెన్సుల ఏసుకొని ఇటు హైదరాబాద్ రోడ్డో, అటు నాగపూర్ రోడ్డో పట్టుకునుడే ఈ జిల్లా బతుకు. విమానాశ్రయం రావాలె. ఎట్ల రావాలె, ఎవరి షరతుల మీద రావాలె అన్నదే ఇయ్యాల్టి ముచ్చట.

2025 ఏప్రిల్‌ల భారత వైమానిక దళం ఒప్పుకున్నది. నిజాం కాలం నాటి ఈ ఎయిర్‌ఫీల్డు వైమానిక దళం చేతుల ఉన్నది. అక్కడ వాళ్లు శిక్షణ కేంద్రం పెట్టుకుంటరు, దాంతోపాటు పౌర విమానాలు కూడా నడుపుకోవచ్చు అన్నరు. పేపర్లల్ల పెద్ద అక్షరాలతోటి వచ్చింది. మంచిదే. కాని ఇద్దరు కలిసి వాడుకునే విమానాశ్రయం అంటే ఏందో ఎవరూ ఇప్పి చెప్పలేదు.

రైతులకు తెలిసిన లెక్కల చెప్త. బాయిల పాలుంటే వంతు ఉంటది. నా వంతునాడు నీళ్లు నావి, నీ వంతునాడు నీవి. ఎవడన్న తప్పితే పంచాయితి పెట్టి అడుగుతం. ఈ విమానాశ్రయంల మనకు వచ్చేది బాయిల పాలు కాదు. బాయి వాళ్లది, మోటరు వాళ్లది, స్టార్టరు వాళ్ల చేతుల. మనకిచ్చేది గట్టు మీద ఒక తొట్టి. దీన్నే సర్కారు భాషల సివిల్ ఎన్‌క్లేవ్ అంటరు. టర్మినల్, విమానం ఆగే జాగ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. రన్‌వే, ఆకాశం మీద అదుపు సైన్యానిది. ఎన్ని గంటలు తెరవాలె, ఎప్పుడు మూయాలె అన్న ఆఖరి మాట వాళ్లది.

వేరే ఊర్ల అనుభవం

గోవల డబోలిం చూడండ్రి. 1961ల పోర్చుగీసోళ్లు పోయినంక అది నౌకాదళం చేతికి వచ్చింది. లక్షల మంది టూరిస్టులు దిగే జాగ. అయినా సోమవారం నుంచి శుక్రవారం దాక పొద్దున ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం దాక నౌకాదళం శిక్షణ కోసం పౌర విమానాలను ఆపిన్రు. ఒక్క ఏడు కాదు, ఏండ్ల తరబడి. ఆఖరికి గోవ సర్కారు మోపల వేరే విమానాశ్రయం కట్టుకున్నది. 2023 జనవరిల అక్కడ విమానాలు మొదలైనయి.

విశాఖపట్నంల ఐఎన్ఎస్ డేగ నౌకాదళానిది. రన్‌వే మరమ్మతు అని 2023 నవంబర్ నుంచి కొన్ని నెలలు రాత్రిపూట మూసిన్రు. రన్‌వేకు మరమ్మతు కావాల్సిందే. కాని తేదీలు, గంటలు ఖరారు చేసేకాడ ఆ ఊరోళ్లకు చోటు లేదు.

2025 మే నెల మీరందరు టీవీల చూసిన్రు. పాకిస్తాన్‌తోటి ఉద్రిక్తత పెరిగితే ఉత్తరం, పడమర దిక్కున 32 విమానాశ్రయాలల్ల పౌర విమానాలు ఆపిన్రు. శ్రీనగర్, జమ్ము, జోధ్‌పూర్, చండీగఢ్ వంటి వైమానిక దళం స్థావరాలు అందుల ఉన్నయి. మే 12న తెరిచిన్రు. యుద్ధమొస్తే ఆపుడు న్యాయమే. సైన్యంతోటి మనకు కొట్లాట లేదు. మన పిల్లలే ఆ యూనిఫారం ఏసుకుంటరు. మనం అడిగేది యుద్ధం నాటి సంగతి కాదు, శాంతి నాటి టైంటేబుల్ సంగతి.

బీదర్ పాఠం

దూరం పోవద్దు. 1956 దాక మనతోటి ఒక్కటే హైదరాబాద్ రాష్ట్రంల ఉన్న బీదర్‌ను చూడండ్రి. అక్కడ వైమానిక దళం పైలెట్లకు శిక్షణ ఇస్తది. మనకు ఏమొస్తదని చెప్తున్నరో అక్కడ సరిగ్గ అదే ఉన్నది. టర్మినల్ తయారై ఏండ్లు గడిచినా విమానం రాలేదు. శంషాబాద్ కంపెనీతోటి సర్కారు చేసుకున్న ఒప్పందంల 150 కిలోమీటర్ల షరతు అడ్డం పడ్డది. తుదకు 2020 ఫిబ్రవరి 7న మొదటి విమానం ఎగిరింది. 2023 డిసెంబర్‌ల బంద్ అయ్యింది. మళ్ల 2025 ఏప్రిల్‌ల మొదలుపెట్టిన్రు.

దీంట్ల మనకు రెండు పాఠాలు. ఒకటి, వైమానిక దళం సరే అన్నంత మాత్రాన విమానం రాదు. రెండు, వచ్చిన విమానం ఉంటదన్న గ్యారంటీ లేదు. ఉడాన్ పథకంల సర్కారు ఇచ్చే సబ్సిడీ ఒక రూటుకు మూడేండ్లే. ఆ తర్వాత సీట్లు నిండకపోతే కంపెనీ రెక్కలు ముడుచుకుంటది. విమానం పోతే కంపెనీకి ఒక రూటు పోతది. భూమి ఇచ్చినోడికి మాత్రం భూమి తిరిగి రాదు.

బేగంపేటను కూడా యాది చేసుకోవాలె. నిజాం రాజ్యం తన సొంత దక్కన్ ఎయిర్‌వేస్‌ను నడిపింది. 1953ల విమాన కంపెనీలను జాతీయం చేసినప్పుడు అది కూడా కలిసిపోయింది. 2008 మార్చిల శంషాబాద్ తెరిచి, బేగంపేటల ప్రయాణికుల విమానాలు బంద్ పెట్టిన్రు. వైమానిక దళం మాత్రం అక్కడనే ఉన్నది. పంచుకున్న జాగల ఎవరు ముందు పోతరో, ఎవరు ఉండిపోతరో అది చెప్తది.

భూమి ఏ పేరు మీద తీసుకుంటరు?

ఇప్పుడు అసలు ముచ్చట. భూసేకరణ చట్టం 2013ల వచ్చింది. దాని ప్రకారం సామాజిక ప్రభావం అంచనా వెయ్యాలె, బహిరంగ విచారణ పెట్టాలె. కాని అదే చట్టంల 40వ సెక్షన్ ఉన్నది. దేశ రక్షణ, జాతీయ భద్రత వంటి అత్యవసరం అంటే ఈ విచారణలు పక్కకు పెట్టి భూమి స్వాధీనం చేసుకోవచ్చు. మన రాష్ట్రం 2017ల తెచ్చిన సవరణ కూడా రక్షణ పనులకు, మౌలిక సదుపాయాలకు ఆ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే దారి తెరిచింది. అందుకే కాయిదం మీద ఏ పేరు రాస్తరో చూడాలె. టర్మినల్‌కు తీసుకునే ఎకరం ఏది, శిక్షణ కేంద్రానికి తీసుకునే ఎకరం ఏది? సర్వే నంబర్ల వారీగ చెప్పాలె. రెండు కలిపి ఒక్క మూట కట్టి, పైన రక్షణ అని ముద్ర కొడితే రైతు నోరు మూసుకుంటది.

ఇంకొకటి. భూమి పోనోళ్లు మాకేంది అనుకోవద్దు. 1903 నాటి రక్షణ పనుల చట్టం కింద స్థావరం చుట్టుపక్కల కట్టడాల మీద ఆంక్షలు పెట్టొచ్చు. విమానాలు దిగే దారిల ఇండ్ల ఎత్తు మీద వేరే లెక్క ఉంటది. ప్లాటు కొనుక్కున్న టీచరు, మిద్దె మీద మిద్దె ఏద్దామనుకున్న చిన్న దుకాణపాయన కూడా ఈ ముచ్చటల ఉన్నడు.

మామునూరుల పరిస్థితి వేరు. అక్కడి 696 ఎకరాలు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీవి. ఇంకో 253 ఎకరాలు కావాలన్నరు. రైతులు రోడ్డెక్కిన్రు, ధర గురించి కొట్లాడిన్రు. అక్కడ అడగనీకె ఎదురుంగ ఒక్క పౌర శాఖ ఉన్నది. ఇక్కడ రక్షణ శాఖ, పౌర విమానయాన శాఖ, రాష్ట్ర సర్కారు మూడు ఉంటయి. ఒకరిని అడిగితే ఇంకొకరిని చూపెడ్తరు. అందుకే సంతకాల కంటె ముందే అడగాలె.

ఈ ఊరికి ఇచ్చుడు కొత్త కాదు. సిమెంటు ఫ్యాక్టరీకి ఇచ్చిన్రు. 1990లల్ల ఉత్పత్తి ఆగింది. మళ్ల తెరవండ్రని తండ్రులు అడిగిన్రు, ఇప్పుడు కొడుకులు అడుగుతున్నరు. మూడోతరం విమానాశ్రయం గేటుకాడ నిలబడి అడిగే గతి రావద్దు.

మనం అడగాల్సినయి

ఒకటి, రోజుకు కనీసం ఎన్ని గంటలు పౌర విమానాలకో ఒప్పందంల రాయాలె. పొద్దున పోయి రాత్రికి తిరిగి వచ్చే తీరు ఉంటేనే మనకు అక్కరకొస్తది.

రెండు, మరమ్మతులకు, శిక్షణకు మూసేటప్పుడు ముందుగాల తెలుగుల ప్రకటించాలె.

మూడు, రాత్రి అయినా, సెలవు అయినా రోగిని తీసుకపోయే విమానానికి దారి ఇయ్యాలె.

నాలుగు, భూమి ఎవరికోసమో విడదీసి చెప్పి, గ్రామసభ పెట్టి, ధర చెల్లించినంకనే గెట్టురాయి పాతాలె.

ఐదు, భూమి పోయిన ఇంటికి కొలువు అన్న మాట నోటితోటి కాదు, కాయిదం మీద ఉండాలె. కూలి పని కాదు, గ్రౌండ్ సిబ్బంది, ఫైర్ సిబ్బంది, సెక్యూరిటీ కొలువులు. దానికి శిక్షణ ఇక్కడి ఐటీఐలల్లనే ఇప్పుడే మొదలుపెట్టాలె.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. రాష్ట్రం కోసం కొట్లాడిననాడు మన నీళ్లు, మన నిధులు, మన నియామకాలు అన్నం. ఆ లెక్క ఢిల్లీ కాయిదాలకు ఒకటి, హైదరాబాద్ కాయిదాలకు ఒకటి ఉండదు. ఒప్పందం ముసాయిదా తయారైతే మొదలు ఆదిలాబాద్‌ల సదివి ఇనిపియ్యండ్రి. ఇన్నంకనే సంతకం. ఈ మాట మీద ఊరూరు తీర్మానం చేసి కలెక్టర్‌కు ఇద్దాం. రేపు పొద్దుగాల మీ ఊరి నుంచే మొదలుపెట్టండ్రి.

సెలవు.